ఏడు కన్నుల మొగ్గ

హాప్‌సలు స్టేషన్‌కి రైళ్లు రావడం మానేశాక
నా చేతులకి మానడం తెలియలేదు.
ఇరవై తొమ్మిదేళ్లు పట్టాలు మార్చే మీటలు లాగిన చేతులు
రాత్రిళ్లు దుప్పటి అంచు పట్టుకుని గుంజేవి.

పక్కింటి వైకే అంది, "అర్వో, ఆ చేతులిటు తే."
రెండు చెక్క సూదులు పెట్టింది వాటిలో,
సాలెగూడు కన్నా ఒక్క పిసరు లావు తెల్ల ఊలు.
అంతకుముందే బొటనవేలి మీద గ్రీజు మరక చూసి
బూడిదా సబ్బూ ఇచ్చి రెండుసార్లు తోమించింది.

మూడు వారాలు మామూలు వరసలే.
నాలుగో వారం, సముద్రం గడ్డకట్టిన రోజున,
"ఇవాళ నుప్ప్" అంది.
నుప్ప్ అంటే మొగ్గ, బొత్తాం, బుడిపె,
ఏదనుకుంటే అది.
ఆవిరిలాంటి శాలువ మీద వేలికి తగిలే
బార్లీ గింజంత గట్టు.

ఒక్క కన్నులోకే సూది దూర్చు.
అల్లి పైకి లాగు, కన్ను వదలకు. దారం చుట్టు.
మళ్లీ అదే కన్నులోకి. మళ్లీ చుట్టు.
ఏడయ్యేదాకా.
ఒంటి పట్టా ఏడు దారులై విడిపోతుంటే
ఓస్, ఇది నాకు తెలిసిన పనే అనుకున్నాను.
యార్డులో గూడ్సు పెట్టెల్ని ఇలాగే కదా పంచేవాణ్ణి.

తిరుగు వరసలో తెలిసొచ్చింది.
ఆ ఏడింటినీ ఒక్క పోటుతో గుచ్చి
మళ్లీ ఒకటి చెయ్యాలి.
సూది మొన మూడోదాని దగ్గరే ఆగిపోయింది.
నాలుగోది మెడ బిగించుకుని కూర్చుంది.
తోశాను. పొడిచాను. రైల్వే భాషలో తిట్టాను.
నా చెమటకి ఊలు ముద్దకట్టింది.

"ఉడుంపట్టు నీది," అంది వైకే.
"జారిపోతుందని బిగిస్తావు.
వచ్చే వరసకి కావలసిన చోటు
ఈ వరసలోనే వదిలి పెట్టాలి.
ఇప్పుడు చూడ్డానికి దరిద్రంగా ఉండాలి,
దోమతెరలో పిల్లి పడ్డట్టు."

వదలడం నేర్చుకోడానికి ఫిబ్రవరి అంతా పట్టింది.

మధ్యలో ఒకసారి అడిగాను,
ఉంగరంలోంచి దూరిపోయే శాలువకి ఈ బుడిపెలెందుకని.
అందానికి, అంటుందనుకున్నాను.
"మా అమ్మమ్మ రోజుల్లో తూకానికి కొనేవాళ్లట,
ఎండాకాలం బురద స్నానాలకొచ్చే దొరసానులు.
మొగ్గకి ఏడింతల ఊలు పడుతుంది కదా.
ఆ మొగ్గల బరువుతోనే మా అమ్మకి బూట్లొచ్చాయి."
లేచి పొయ్యిలోకి కట్టె ఎగదోసింది.
నిజమో, ఆ పూటకి అల్లిందో, నేను తరచలేదు.

వైకే కళ్లకి పొర. వెలుగు తెలుస్తుంది, అంతే.
నా అల్లిక ఒళ్లో పరుచుకుని
వేళ్లు నడిపిస్తుంది వరస వెంట,
గంటపూల కొమ్మ మీదుగా, మొగ్గా మొగ్గా తడుముతూ.
ఒకచోట ఆగింది.
"ఇది ఆరు."
భూతద్దం పెట్టి తిరగేసి చూశాను. ఆరే.
"ఎవరు చూస్తారు?" అన్నాను.
"చూడరు," అంది. "తగులుతుంది."

పదకొండు వరసలు విప్పాను.
విప్పిన ఊలు సాపుగా రాలేదు.
ఉన్నచోటి వంపులన్నీ గుర్తుపెట్టుకుని
ఉంగరాలు ఉంగరాలుగా ఒళ్లో పడింది.
పట్టాలు ఊడబెరికిన నేల కూడా అంతే,
ప్లాట్‌ఫారం మీంచి చూస్తే
చెక్కలున్న చోటల్లా ఒక పల్లం.

తొమ్మిదింటికి వైకే దీపం ఆర్పేసి లోపలికెళ్లిపోయింది.
నేనున్నాననే మరిచిపోయిందో,
కావాలనే చేసిందో.
చీకట్లో కూర్చుని
గోటితో తడిమి లెక్కపెట్టాను, ఏడు వదులు కన్నులు.
సూది పెట్టాను.
నీళ్లలో వేలు పెట్టినట్టు వెళ్లిపోయింది.

"వెళ్లేప్పుడు తలుపు దగ్గరగా వెయ్యి,"
గదిలోంచి అరిచింది.
"ఇంకో వరసుంది," అన్నాను.